చిన్న కుక్క, పెద్ద వ్యయము

గుంటూరు, ఒంగోలు పట్టణములందు పొమరేనియను అను చిన్న బొచ్చుకుక్కను ముద్దుగా పెంచువారు కలరు. దానిని కొనునపుడిచ్చు వెల మొత్తము వ్యయములో స్వల్పభాగమే. ఏలయనిన నది సాధారణముగా 12 మొదలు 15 సంవత్సరములు జీవించును.

బాల్టిక్ సముద్రతీరమందలి పొమరేనియా సీమనుబట్టి దీనికీ పేరు వచ్చెను. 1888లో విక్టోరియా రాణి ఇటలీ నుండి యొక చిన్న కుక్కను తెచ్చిన పిమ్మట పొట్టిరకమునకు ప్రసిద్ధి హెచ్చెను. చలిదేశపు దట్టమైన బొచ్చు గల యీ జంతువు, కల్లములందు మిరపకాయల నెండించు మన యెండలను సహింపజాలదు. కుక్క మనవలె నొడలంతట చెమర్పదు. ముఖ్యముగా రొప్పుటచేత వేడిమిని పోగొట్టుకొనును. కావున వేసవిలో నీడ, నీరు, చల్లని గాలి దానికి తిండితో సమానములు.

దినదినము బొచ్చు దువ్వవలెను, పండ్లు శుభ్రపరుపవలెను. మిగిలిన కూరలు పెట్టిన ఖర్చు తగ్గునని తలంపరాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తమును చెఱచును.

అన్నిటికంటె ముఖ్యము వెఱ్ఱికుక్క రోగమునకు టీకా. మూడునెలల ప్రాయమున మొదలిడి, పశువైద్యుడు చెప్పిన గడువున మరల వేయింపవలెను. ఆ రోగలక్షణములు పొడసూపినచో బ్రతుకుట మిక్కిలి యరుదు. ఏ కుక్క కఱచినను గాయమును సబ్బునీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను.

బాలబాలికలారా! పత్తిపంట చెడిన యేటను ఈ వ్యయము తగ్గదు. భరింపలేక కుక్కను వీధిని విడుచుట క్రూరకార్యము. కొనుటకు ముందే యొక యేటి లెక్క వ్రాసి తల్లిదండ్రులకు చూపుడు.