సలేశ్వరం నడకలో వడదెబ్బ

చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం లింగమయ్య జాతర. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు నుంచి కూడా ఎందరో పిల్లాజెల్లాతో వెళ్తారు. అసలే ఎండలు ముదిరే రోజులు. బండి దిగాక అడవిలో రాళ్ళదారి నడక తప్పదు.

లోయలోకి దిగేటప్పుడు శ్రమ తెలియదు. జలపాతం దగ్గర ఒళ్ళు చల్లబడుతుంది. అసలు పరీక్ష తిరిగి ఎక్కేటప్పుడే. అప్పటికి ఎండ నడినెత్తికి వస్తుంది, సీసాలో నీళ్ళు అయిపోతాయి. కనుక పొద్దున్నే నడక మొదలుపెట్టండి. తిరుగు నడకకు నీళ్ళు వేరే ఉంచుకోండి. దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా తాగండి. లీటరు మంచినీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి కలుపుకుంటే మరీ మేలు. గుండెజబ్బు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు ముందే డాక్టరును అడగాలి. మందులు మాత్రం మానరాదు.

తల తిరగడం, పిక్కలు పట్టేయడం, వికారం తొలి హెచ్చరికలు. వెంటనే నీడన కూర్చోబెట్టి నీళ్ళు తాగించండి.

ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడి, ఏదేదో పలవరిస్తుంటే వడదెబ్బేనని అనుమానించండి, చెమట పడుతున్నా సరే! జాతర కదా, పూనకమేమోనని చూస్తూ నిలబడకండి. బట్టలు వదులుచేసి, ఒళ్ళంతా తడిపి, ఆగకుండా విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి. ఒకరు విసురుతుండగానే మరొకరు సాయానికి పరుగెత్తాలి. ఆస్పత్రికి చేర్చేదాకా తడపడం ఆపవద్దు. ఆ కొద్ది నిమిషాలే ప్రాణం నిలుపుతాయి.