దారిలో అక్కరకు వచ్చు పానాల సంచి

మోటారు సైకిలు కొనునప్పుడు మనము దాని రంగును, వేగమును, పెట్రోలు ఖర్చును గూర్చి పదిమందిని విచారింతుము. బండితోపాటు ఇచ్చిన చిన్న పనిముట్ల సంచిని మాత్రము విప్పియైనను చూడము. బండి ఊరిలో తిరుగునంత కాలము ఆ సంచితో పని యుండదు; వీధి మలుపున మెకానిక్కు ఉండనే యుండును. ఊరు దాటి ముప్పది కిలోమీటర్లు పోయిన పిదప చక్రమున మేకు దిగినప్పుడు గాని దాని విలువ మనకు తెలియదు.

నాకీ పాఠము 2018వ సంవత్సరము జూన్ మాసమున నల్లమల అడవిలో లభించినది. నేనును నా భార్యయు శ్రీశైలమునుండి దోర్నాల దిక్కునకు దిగివచ్చుచుంటిమి. అది పులులు సంచరించు రక్షితారణ్యము. రాత్రివేళ ఆ దారి మూయుదురు. సాయంకాలము ఏడు గంటలకు వెనుక చక్రము గాలి పోయినది. మొదట నాకు భయము కలుగలేదు. బజారులో కొన్న పదకొండు పానాలు నా సంచిలో నుండెను. ప్యాచీలు, సొల్యూషను, గాలిపంపు కూడ నుండెను. కాని ఒక్కొక్క పానా తీసి ఇరుసు నట్టుకు పెట్టి చూడగా ఒక్కటియు పట్టలేదు. వానిలో పెద్దది 22 మిల్లీమీటర్లది. నట్టు 24 మిల్లీమీటర్లది. నా భార్య సెల్‌ఫోను దీపము పట్టుకొని నిలిచియున్నది. ఆ ఫోనుకు అచట సిగ్నలు లేదు. "ఇన్ని మోసుకొచ్చారు, కావలసినదొక్కటీ లేదేమండీ?" అని ఆమె యడిగినది. నాయొద్ద జవాబు లేకపోయెను.

ముప్పావుగంట గడచిన పిదప ఒక జీపు వచ్చి ఆగినది. దానిని నడుపు కుర్రవాడు తన పెద్ద పానాతో నట్టును వదులుచేసి, చక్రము విప్పుటకు సాయపడి, పోవునప్పుడు ఒక మాట చెప్పినాడు: "సార్, ఇంటి దగ్గర తీరిగ్గా ఒకసారి మీ చేత్తోనే చక్రం విప్పి చూసుకోండి. ఏ పానా పట్టిందో అదే సంచిలో పెట్టుకోండి." డబ్బు ఇవ్వబోగా పుచ్చుకొనలేదు. నేనిప్పుడు చెప్పబోవునదంతయు ఆ మాటకు వివరణమే.

సంచిని నింపవలసినది దుకాణములో కాదు, మన యింటి ముంగిట. దారిలో చేయదగిన పనులు నాలుగైదు మాత్రమే: పంక్చరు వేయుట, ప్లగ్గు మార్చుట, క్లచ్చి తీగ మార్చుట, చైను సరిచేయుట, ఫ్యూజు మార్చుట. ఒక సెలవు దినమున ఈ పనులన్నియు వరుసగా చేసి చూడుడు. చేయుచున్నప్పుడు చేతికి వచ్చిన పనిముట్టునెల్ల ఒక గుడ్డపై పెట్టుచు పొండు. పని ముగిసిన పిదప ఆ గుడ్డమీద ఉన్నదే మీ సంచి. దానికి వెలుపల నున్నది మోయదగని బరువు. ఇట్లు కూర్చిన సంచి సామాన్యముగా రెండు కిలోగ్రాములకు మించదు.

పానాల విషయమున కొలతయే ప్రధానము. నట్టుకు ఆరు మూలలుండును. వదులైన పానాతో త్రిప్పినచో బలమంతయు ఆ మూలల కొసలపై పడి అవి అరిగిపోవును. పిదప సరియైన పానా దొరికినను అది జారిపోవును. కావున గట్టిగా బిగిసియున్న నట్టులకు ఆరు మూలలను చుట్టిపట్టు రింగుపానా శ్రేష్ఠము. పిడి పొడవు కూడ గమనింపదగినది. ఒకే బలమును 15 సెంటీమీటర్ల పిడికి బదులు 30 సెంటీమీటర్ల పిడిపై చూపినచో నట్టుపై దాని ప్రభావము రెట్టింపగును. ఇరుసు నట్టునకు పొట్టి పానా చాలకపోవుటకు కారణమిదియే. ఒక చిన్న గొట్టపుముక్కను పిడికి తొడిగినచో ఆ లోపము తీరును. మరియొక సంగతి. కొన్ని బోల్టులకు ఒకవైపు తలను పట్టుకొని రెండవవైపు నట్టును త్రిప్పవలెను. అట్టి చోట ఒకే కొలతగల పానాలు రెండు కావలయును.

పాత బండ్లు గలవారికి ఇంకొక చిక్కు గలదు. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు ఇండియా వారు చేయనారంభించిన బుల్లెట్టు ఇంగ్లండునందలి నమూనాను అనుసరించినది. అట్టి పాత బండ్లలో బ్రిటిషు కొలతల బోల్టులు కానవచ్చును. విట్‌వర్తు పానాపై వ్రాసియున్న అంకె దాని నోటి వెడల్పు కాదు. అది బోల్టు కాడ వ్యాసము. పావు అంగుళమని వ్రాసియున్న పానా నోరు నిజమునకు 13.3 మిల్లీమీటర్లుండును. దానికి 13 పట్టదు, 14 వదులగును. అంకెను నమ్మక నట్టుకు పెట్టి చూచుటయే మేలు.

ఇక పంక్చరు. ట్యూబులేని టైరైనచో చక్రము విప్పనక్కరలేదు; మేకు లాగి, రంధ్రమును ఆకురాయివంటి సూదితో గరుకుచేసి, జిగురు రాసిన రబ్బరు పురిని దూర్చి గాలికొట్టిన చాలును. పుల్లల చక్రములలో మాత్రము తరచు ట్యూబే యుండును. దానికి రెండు టైరు లీవర్లు, ఉప్పుకాగితము, ప్యాచీలు, సొల్యూషను, వాల్వు తాళము, పంపు కావలెను. రంధ్రము చుట్టును ఉప్పుకాగితముతో రుద్ది, సొల్యూషను పలుచగా పూసి, అది ఆరి వ్రేలికి కొద్దిగా అంటునంతవరకు ఆగవలెను. తొందరపడి తడిమీదనే ప్యాచీ వేసినచో అది ఊడివచ్చును. ట్యూబును లోపల పెట్టుటకు ముందు టైరు లోపలిభాగమును గుడ్డతో మెల్లగా తడిమి చూడుడు. మేకు అందే యున్నచో చేసిన శ్రమయంతయు వ్యర్థము. ఒకసారి మూత విప్పిన సొల్యూషను గొట్టము, మూసి పెట్టినను, కొన్ని నెలలకు గట్టిపడిపోవును. కావున ఏటేట క్రొత్తది పెట్టుకొనవలెను.

ప్లగ్గునకు ప్రత్యేకమైన పానా కలదు. 14 మిల్లీమీటర్ల మరగల ప్లగ్గులలోనే కొన్నిటి తల 21, కొన్నిటిది 16 మిల్లీమీటర్లు. కావున మీ బండి ప్లగ్గునకు సరిపడు పానాను, క్రొత్త ప్లగ్గు నొకదానిని ఉంచుకొనుడు. ఇంజను చల్లారిన పిదపనే విప్పవలెను. బిగించునప్పుడు మొదటి చుట్లు వ్రేళ్లతోనే త్రిప్పవలెను. పానాతో వంకరగా ఎక్కించినచో అల్యూమినియము మర చెడిపోవును. ఆ నష్టము దారిలో తీరునది కాదు.

క్లచ్చి తీగ సాధారణముగా కొసనున్న గుండు దగ్గర తెగును. అనుభవజ్ఞులు క్రొత్త తీగను పాతదాని ప్రక్కనే ముందుగా అమర్చి, కొసలకు టేపు చుట్టి ఉంచుదురు. పాతది తెగినప్పుడు కొసలు మార్చుటయే మిగులును. చైను తాళము, అనగా లాకు, చిన్న వస్తువే. అది లేనిచో బండి కదలదు. దానిని తొడుగునప్పుడు మూసియున్న కొన చైను పోవు దిక్కునకు ఉండవలెను. తిరుగవేసినచో అది ఊడిపోవు ప్రమాదము గలదు. ఫ్యూజు పోయినచో అదే ఆంపియర్లది వేయుడు. రాగితీగ చుట్టుట నిప్పుతో చెలగాటము.

వీనితోపాటు పట్టకారు, రెండు మొనల స్క్రూడ్రైవరు, కొంత ఇనుపతీగ, టేపు, నాలుగు నట్టుబోల్టులు, టార్చిలైటు ఉంచుకొనుడు. ఒక స్నానపు సబ్బుముక్క కూడ ఉపకరించును. పెట్రోలు ట్యాంకునకు సన్నని చిల్లి పడినప్పుడు సబ్బును గట్టిగా రుద్దినచో కారుట తాత్కాలికముగా నిలుచును. సబ్బు పెట్రోలులో కరుగకపోవుటయే దీనికి కారణము. పెట్రోలు ఇంజెక్షను గల క్రొత్త బండ్లలో ఆ పరికరములను దారిలో విప్పబోకుడు. బ్యాటరీ తీగలును ఫ్యూజులును చూచి, అంతటితో ఆగి సాయము కోరుట వివేకము.

అన్నిటికంటె ముందు బండిని రోడ్డు అంచుదాటి నిలుపుడు. వెనుకనుండి వచ్చు లారీవాని కంటబడునట్లు దీపము వెలిగించుడు. మేకు తెచ్చిన ఆపద కంటె రోడ్డుపై కూర్చుండుట తెచ్చు ఆపద పెద్దది.

ఆ రాత్రి మేము అడవి దాటి దోర్నాల చేరునప్పటికి దారి మూయు వేళ సమీపించినది. మరుసటి ఆదివారము మా వాకిట చక్రము విప్పితిని. నాటి పదకొండు పానాలలో నాలుగు మాత్రమే సంచిలో మిగిలినవి. ఐదవది క్రొత్తగా కొన్నది, 24 మిల్లీమీటర్లది. ఇప్పటికిని ప్రయాణమునకు బయలుదేరునప్పుడు నా భార్య బట్టల సంచిని కాక ముందుగా ఆ సంచినే విప్పి చూచును.