రీస్టార్ట్ ఎప్పుడు? పాస్‌వర్డ్ ఎవరిది?

2024 జులై 19, శుక్రవారం. హైదరాబాద్ విమానాశ్రయంలో కోల్‌కతా వెళ్లే ఓ ప్రయాణికుడికి ఇండిగో సిబ్బంది పెన్నుతో రాసిన బోర్డింగ్ పాసు ఇచ్చారు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆ ఉదయం మన టైము ప్రకారం 9.39కి ఒక అప్‌డేట్ పంపింది. అందులో తప్పు దొర్లింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు గానీ, ఈలోపే దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి మొరాయించాయి.

మరమ్మతు చూస్తే చిన్నదే. కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచి ఒక ఫైలు డిలీట్ చేయాలి. అయితే ఆ ఫైలును ముట్టుకునే హక్కు మామూలు ఉద్యోగి ఖాతాకు ఉండదు. డిస్కుకు బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే 48 అంకెల రికవరీ కీ కూడా కావాలి. దాంతో చాలాచోట్ల ఐటీ విభాగం వాళ్లు ఒక్కో సీటు దగ్గరికీ వెళ్లి కూర్చోవాల్సి వచ్చింది.

ఇదంతా వింటే ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేస్తే పోలా అనిపిస్తుంది. ఆపేసినవాళ్లకు ఏమైందో 2017 మే 12న తెలిసింది. వానాక్రై వైరస్ 150 దేశాల్లో కంప్యూటర్ల ఫైళ్లకు తాళం వేసి, విడిపించడానికి 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల అపాయింట్‌మెంట్లు వేలల్లో రద్దయ్యాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. విచిత్రమేమిటంటే, అది దూరిన కన్నాన్ని పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. దాదాపు రెండు నెలలు గడిచినా వేసుకోనివాళ్లే ఎక్కువగా దొరికిపోయారు. పైగా ఆ వైరస్‌కు ఎవరూ ఏ మెయిలూ తెరవనక్కర్లేదు. నెట్‌వర్క్‌లో ఒకదాని నుంచి మరోదానికి తానే పాకింది. ఉద్యోగి ఖాతాకు ఎంత తక్కువ హక్కులిచ్చినా అక్కడ ఉపయోగపడలేదు. ప్యాచ్ పడిందా లేదా అన్నదే లెక్కకొచ్చింది.

2003 అక్టోబర్ నుంచి మైక్రోసాఫ్ట్ నెలకోసారి, రెండో మంగళవారం ఈ ప్యాచ్‌లు వదులుతోంది. మనకు అప్పటికి రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. రెండో మంగళవారమంటే 8 నుంచి 14వ తేదీ మధ్యే కదా. నెలనెలా జీఎస్టీఆర్-1 దాఖలు చేయాల్సిన గడువు 11. అకౌంట్స్ సెక్షన్‌లో ఇన్వాయిస్‌లు సరిచూస్తుంటే తెర మూలన రీస్టార్ట్ నోటీసు ఎందుకు ప్రత్యక్షమవుతుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆ విసుగు న్యాయమైనదే. అప్‌డేట్ అవసరమే, వేళ మాత్రం ఆఫీసే చూసుకోవాలి.

ఇక హక్కుల సంగతి. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో సెటప్‌లో సృష్టించిన ఖాతాలన్నీ అడ్మినిస్ట్రేటర్లే. 2007లో జనం చేతికొచ్చిన విస్టా నుంచి, పెద్ద మార్పు చేయబోతే తెర మసకబారి అనుమతి అడగడం మొదలైంది. 2021లో ప్రింటింగ్ సర్వీసులో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం బయటపడింది. ఆ ఆగస్టు అప్‌డేట్‌తో ప్రింటర్ డ్రైవర్ వేయడానికి కూడా అడ్మిన్ పాస్‌వర్డ్ తప్పనిసరైంది. కొత్త ప్రింటర్ తెచ్చిపెట్టి, పాస్‌వర్డ్ తెలిసినాయన కోసం ఎదురుచూసిన ఆఫీసులు ఎన్నో! అయినా ఆ అడ్డు అక్కడే ఉండాలి. ఉద్యోగి పొరపాటున తెరిచిన నకిలీ ఇన్వాయిస్‌కు ఆ ఉద్యోగి హక్కులే దక్కుతాయి. అడ్మిన్ ఖాతాలో తెరిస్తే కంప్యూటర్ మొత్తం దాని చేతికి పోతుంది.

అడ్మిన్ హక్కులు లేకపోతే అప్‌డేట్లు పడవన్నది అపోహ. వాటిని విండోస్ సర్వీసు తన సొంత హక్కులతోనే వేసుకుంటుంది.

పెద్ద కంపెనీలు ప్యాచ్‌ను ముందు కొన్ని కంప్యూటర్లలో వేసి, రెండు మూడు రోజులు చూసి, తర్వాత అందరికీ పంపుతాయి. అయిదారు కంప్యూటర్ల ఆఫీసుకు అంత ఏర్పాటు ఎక్కడిది? అమ్మినవాడు తెరిచిచ్చిన ఒక్క అడ్మిన్ ఖాతాతోనే అందరూ ఏళ్లు గడిపేస్తారు. అలాంటి ఆఫీసు నడిపేవారు ముందు అడ్మిన్ ఖాతా వేరు చేసి, దాని పాస్‌వర్డ్ ఇద్దరు బాధ్యుల దగ్గర ఉంచండి. రోజువారీ పనికి ప్రతి ఒక్కరికీ స్టాండర్డ్ ఖాతా ఇవ్వండి. విండోస్ అప్‌డేట్ సెట్టింగుల్లో యాక్టివ్ అవర్స్‌ను, అంటే కంప్యూటర్ తనంతట తాను రీస్టార్ట్ కాకూడని వేళలను, మీ పనివేళలకు సరిచేయండి. 18 గంటల దాకా పెట్టుకునే వీలుంది.