కెమెరా కంట్లో నలుసు: సీమ ఫోటోగ్రాఫర్లకు దుమ్ముతో తంటా

కర్నూలు: ఆషాఢం గాలి లేచిందంటే కర్నూలు, కడప ప్రాంతాల్లో ఇంటి గడప మీద, అన్నం గిన్నెలో, కంట్లో దుమ్ము పడటం ఎవరికీ కొత్త కాదు. మనిషి కంట్లో నలుసు పడితే నీళ్లతో కడుక్కోవచ్చు. కెమెరా కంట్లో పడితే ఆ పని కుదరదు. అప్పు చేసి లక్ష రూపాయలకు పైగా పోసి కెమెరా కొన్న పల్లెటూరి ఫోటోగ్రాఫరుకు ఈ దుమ్మే పెద్ద శత్రువు. మూడుముళ్ల క్షణం మళ్లీ రాదు. ఆ ఫోటోలో మచ్చ పడితే పెళ్లివారికి సమాధానం చెప్పడం కష్టం. అలాగని తెలియక తుడిస్తే కెమెరాకే మోసం వస్తుంది.

దుమ్ము ఎక్కడిది?

ఈ ప్రాంతంలో వానలు తక్కువ. ఎండాకాలంలో నల్లరేగడి బీటలు వారి, ఎర్రనేల పొడిబారి, చిన్న గాలికే దుమ్ము లేస్తుంది. దీనికి తోడు బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. గని, శకునాల గ్రామాల వద్ద వెలసిన 1,000 మెగావాట్ల సోలారు పార్కులోనూ పలకల మీద దుమ్ము పేరుకుంటే కరెంటు ఉత్పత్తి తగ్గిపోతుంది. అంత పెద్ద పలకలకే తప్పని బెడద, అగ్గిపెట్టెకు కాస్త అటూఇటూగా ఉండే కెమెరా సెన్సారుకు తప్పుతుందా?

దుమ్ములో కలిసిన ఇసుక రేణువు మామూలు గాజు కంటే గట్టిది. దాన్ని ఊదివేయకుండా గుడ్డతో రుద్దితే లెన్సు మీది పూత మీద గీతలు పడతాయి. ఆ గీతలు ఇక పోవు. దుమ్ము చేసే నష్టం కంటే తొందరపడి తుడవడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ.

రీలు కాలానికి, ఇప్పటికి తేడా

రీలు కెమెరాల కాలంలో ఒక ఫోటో మీద దుమ్ము పడితే అది ఆ ఫిల్ముతోనే ముందుకు జరిగిపోయేది. మరుసటి ఫోటోకు కొత్త ఫిల్ము వచ్చేది. డిజిటల్ కెమెరాలో అలా కాదు. సెన్సారు కదలదు. దాని ముందున్న పలుచని గాజు ఫిల్టరు మీద ఒక రేణువు అతుక్కుంటే, తీసిన ప్రతి ఫోటోలోనూ అదే చోట మచ్చ కనిపిస్తుంది. సెన్సారు ముందున్న గాజును అదిరించి దుమ్ము రాల్చే ఏర్పాటు 2003లో ఒలింపస్ ఈ-1 కెమెరాతో వచ్చింది. ఇప్పుడు చాలా కెమెరాల్లో ఇలాంటి ఏర్పాటు ఉంది. పొడి దుమ్ము దీనితో రాలుతుంది గాని, జిడ్డుగా అంటుకున్నది రాలదు.

మచ్చ ఎక్కడుందో ముందు చూడాలి

కల్యాణ మండపంలో అపర్చరు బాగా తెరిచి తీసిన ఫోటోల్లో సెన్సారు మచ్చలు దాదాపు కనపడవు. అదే కెమెరాతో గండికోటకు వెళ్లి, పెన్నా లోయ అంతా స్పష్టంగా రావాలని ఎఫ్ 16 పెట్టి తీస్తే ఆకాశం నిండా నల్లచుక్కలు తేలతాయి. కొత్త దుమ్ము పడిందని కంగారు పడనక్కరలేదు. ఉన్నదే బయటపడింది.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. ఐ.ఎస్.ఓ. తక్కువ పెట్టి, అపర్చరు ఎఫ్ 16 లేదా ఎఫ్ 22కు మూసి, ఫోకసు తప్పించి తెల్లకాగితాన్ని గాని, మబ్బులేని ఆకాశాన్ని గాని ఫోటో తీయాలి. లెన్సు మార్చి మళ్లీ తీయాలి. మచ్చ అదే చోట ఉంటే దోషం సెన్సారుది. ఫోటోలో పైన కనిపించే మచ్చ సెన్సారు మీద కింది భాగంలో ఉంటుంది. అద్దం ఉన్న కెమెరాల్లో మచ్చ వ్యూఫైండరులో మాత్రమే కనిపించి ఫోటోలో లేకపోతే దాని జోలికి పోకపోవడమే మంచిది.

లెన్సు తుడిచే పద్ధతి

ముందు గాలి, తరువాత కుంచె, చివరికి గుడ్డ. ఈ వరస తప్పకూడదు. కొన్ని వందల రూపాయలకు దొరికే రబ్బరు బ్లోయరుతో గాలి కొట్టి, మిగిలినదాన్ని మెత్తని కుంచెతో తీయాలి. వేలిముద్రలు, జిడ్డు ఉంటేనే మైక్రోఫైబర్ గుడ్డ మీద ఒకటి రెండు చుక్కల లెన్సు ద్రావకం వేసి, నడుమ నుంచి అంచుకు గుండ్రంగా తుడవాలి. ద్రావకం నేరుగా గాజు మీద పోస్తే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. పంచె చెంగు, భుజం మీది తువ్వాలు పనికిరావు. నోటితో ఊదితే తుంపర పడుతుంది. ముందు గాజు మీది చిన్న నలుసు ఫోటోలో కనపడదు కాబట్టి రోజూ తుడవనవసరం లేదు. కెమెరా వైపు ఉండే వెనుక గాజు విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరం.

సెన్సారు దగ్గర తొందర వద్దు

సెన్సారు పనికి ముందు గదిని తడిగుడ్డతో తుడిచి, ఫ్యాను ఆపి, తలుపులు మూసి, దుమ్ము అణగేదాకా కాసేపు ఆగాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి. అద్దం ఉన్న కెమెరాలో నడుమ కరెంటు పోతే పైకి లేచిన అద్దం, తెరిచిన షట్టరు వాలిపోయి దెబ్బతినవచ్చు. మెనూలో శుభ్రపరిచే ఏర్పాటు ఎంచి, కెమెరా నోరు కిందికి పెట్టి, మొన లోపలికి తగలకుండా బ్లోయరుతో గాలి కొట్టాలి. చాలాసార్లు ఇంతటితోనే పని అయిపోతుంది. పంక్చరు షాపు కంప్రెసరు గాలి మాత్రం కొట్టకూడదు. అందులో నూనె, నీటి తుంపర వస్తాయి. డబ్బాలో అమ్మే గాలి కూడా వద్దు.

అప్పటికీ మచ్చ పోకపోతే సెన్సారు కొలతకు సరిపోయే స్వాబు తెచ్చుకోవాలి. ఫుల్ ఫ్రేమ్ సెన్సారు 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. స్వాబు మీద దానికోసమే అమ్మే ద్రావకం ఒకటి రెండు చుక్కలు వేసి, ఒక అంచు నుంచి రెండో అంచుకు ఒకేసారి లాగాలి. స్వాబు తిప్పి రెండో వైపుతో వెనక్కు లాగి, పారవేయాలి. వాడిన స్వాబు మళ్లీ వాడితే గీత పడుతుంది. చెయ్యి వణికేవారు, అనుమానం ఉన్నవారు మెకానిక్కుకు ఇవ్వడమే మేలు.

తేమతోనూ జాగ్రత్త

పొడి నేల అయినంత మాత్రాన బూజు భయం లేదనుకోరాదు. వానాకాలంలో తోలు సంచిలో నెలల తరబడి మూసి ఉంచిన లెన్సుకు బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. ఏ.సి. కారులోంచి దిగి నేరుగా బెలుం గుహల్లోకి పోతే అక్కడి ఉక్కకు లెన్సు మీద ఆవిరి పడుతుంది. తుడవకుండా, కెమెరాను సంచిలోనే కాసేపు ఉంచితే సర్దుకుంటుంది.

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర వరద కర్నూలు పట్టణాన్ని ముంచెత్తిన సంగతి ఎవరూ మరువలేదు. అలాంటి వేళ కెమెరా తడిస్తే, పని చేస్తుందా అని స్విచ్చి వేసి చూడకూడదు. వెంటనే బ్యాటరీ, కార్డు తీసి మెకానిక్కు వద్దకు చేర్చాలి. బియ్యం డబ్బాలో పెడితే ఆ పిండి లోపలికి చేరుతుంది.

కర్నూలు నుంచి హైదరాబాదు 200 కిలోమీటర్లకు పైనే. కడప నుంచి బెంగుళూరు 250 కిలోమీటర్లకు పైనే. పెళ్లిళ్ల రోజుల్లో కెమెరాను అంత దూరం పంపి ఊరకే కూర్చుంటే స్టూడియో అద్దె ఎవరు కడతారు? ఐ.టి.ఐ.లు, పాలిటెక్నిక్‌లు ఫోటోగ్రాఫర్ల సంఘాలతో కలిసి మండల కేంద్రాల్లో ఏడాదికి ఒకరోజు ఈ పని చేసి చూపిస్తే చాలామంది చిన్న స్టూడియోలవారికి మేలు జరుగుతుంది. అంతవరకు లెన్సు మార్చేటప్పుడు గాలికి వీపు పెట్టి, కెమెరా నోరు కిందికి ఉంచడం ఖర్చులేని మొదటి జాగ్రత్త.