చదువు చప్పుడు ఏదీ?

తెల్లవారుజామున అయిదింటికి వీధిలో నడిచి వెళ్తుంటే ఏ ఇంట్లో పరీక్షలు రాసే పిల్లలున్నారో ఇట్టే తెలిసిపోయేది ఒకప్పుడు. ఒక కిటికీలోంచి పందొమ్మిదో ఎక్కం, పక్కింటి అరుగు మీంచి శతక పద్యం, ఎదురింట్లోంచి అశోకుడు దారి పొడవునా చెట్లు నాటించిన వైనం! కాసేపు గొంతు ఆగితే చాలు... వంటింట్లోంచి అమ్మ కేక. ‘ఏరా, చదువు వినపడటం లేదు?’

ఇప్పుడూ అదే ఇల్లు. అదే పదో తరగతి. కాకపోతే చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోను. పాఠం వింటున్నాడా, ఆటాడుతున్నాడా? గుమ్మం దగ్గర నిలబడ్డ తాతయ్యకు అంతుపట్టదు. ‘ఏం చేస్తున్నావురా?’ అంటే ‘చదువుకుంటున్నా తాతయ్యా’ అంటాడు. నిజమే కావచ్చు. కాకపోనూవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. మునుపు చదువు నలుగురికీ వినిపించేది. ఇప్పుడు పక్కన కూర్చున్నవాళ్లకి కూడా తెలియడం లేదు. ఇళ్లలో ఫోను మీద జరిగే గొడవల్లో సగం ఈ అనుమానంతో మొదలయ్యేవే.

సరస్వతి... సున్నా... దెబ్బ!

అలాగని పాతదంతా బంగారమేం కాదు. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి.క్యాంప్‌బెల్ తన జిల్లాలోని వీధిబడుల గురించి మద్రాసుకు ఓ నివేదిక పంపాడు. ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో బళ్లారిలో భాగమే. జిల్లా మొత్తంమీద 533 బడులున్నాయని లెక్క తేల్చాడాయన. పొద్దున్నే అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్నా. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు... ఇలా వెనకబడ్డకొద్దీ లెక్క పెరుగుతూ పోయేది. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పేవారు. ఈ పద్ధతిని క్యాంప్‌బెల్ ఎంతో మెచ్చుకున్నాడు.

అదే పెద్దమనిషి ఇంకో సంగతీ రాశాడు. పిల్లలకు పద్యాలు బోలెడన్ని నోటికొచ్చు, అర్థం మాత్రం చిలక్కి తెలిసినంతే తెలుసు అని! అంటే బట్టీ చదువుల మీద ఫిర్యాదుకు 200 ఏళ్ల వయసుందన్నమాట. ‘మా కాలంలో అయితేనా...’ అని మొదలుపెట్టేముందు తాతయ్యలు ఈ సంగతి ఒకసారి తలచుకుంటే మంచిది.

వెనక్కి తిప్పే వీలు

ఆ పాత బడిలో పాఠం అర్థంకాని పిల్లవాడు ఏం చేసేవాడు? నోరు మూసుకుని కూర్చునేవాడు. మళ్లీ చెప్పమని అడిగే ధైర్యం ఎంతమందికుంటుంది? ఇప్పటి పిల్లలకు దొరికిన అసలైన వరం ఇదే... మళ్లీ చెప్పించుకోవడం.

2004లో అమెరికాలో సల్మాన్ ఖాన్ (సినిమా హీరో కాదులెండి) వేరే ఊళ్లో ఉన్న బంధువులమ్మాయికి దూరం నుంచే లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. అడిగే పిల్లలు ఎక్కువయ్యేసరికి పాఠాలను యూట్యూబ్‌లో పెట్టాడు. తీరా చూస్తే, ‘నువ్వు చెప్పేదానికన్నా నీ వీడియోనే బాగుంది’ అన్నారు ఆ పిల్లలు! ఎందుకు బాగుండదు? అర్థంకాని చోట ఆపుకోవచ్చు, పదిసార్లు వెనక్కి తిప్పుకోవచ్చు. ‘ఇంత చిన్న విషయం తెలీదా’ అని విసుక్కునేవాళ్లుండరు. ఖాన్ అకాడమీ పుట్టింది అలాగే.

ఆ వరం అందరికీ ఒకేలా అందలేదనుకోండి. 2020లో కరోనాతో బడులు మూతపడ్డప్పుడు తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో పాఠాలు చెప్పారు. ఇంట్లో ఫోను ఉన్న పిల్లవాడు అదే విషయాన్ని మరోచోట వెతుక్కుని మళ్లీ వినగలిగాడు. టీవీ ఒక్కటే దిక్కయినవాడికి పాఠం ఒక్కసారే. అర్థమైతే అయినట్టు, లేకపోతే లేదు!

అర్థమైంది సరే... వచ్చిందా?

డిజిటల్ యుగంలో పుట్టిన పిల్లల ఆలోచనే వేరని 2001లో మార్క్ ప్రెన్‌స్కీ అనే రచయిత రాశాడు. ఆ మాట ప్రపంచమంతా పాకింది. వెతుక్కునే తీరు మారిందన్నది నిజమే. గుర్తుండే తీరు మాత్రం తాతలనాటిదే.

2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద ఒక పరీక్ష జరిపారు. కొందరు ఒకే పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక విడత చదివి, ఆపైన మూడుసార్లు పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగు విడతలు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తిరగబడింది! చదివినవాళ్లకు గుర్తున్నది 40 శాతం, చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం.

వీడియోతో చిక్కు కూడా ఇదే. చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది. ఆపేశాక అడిగితే నీళ్లు నమలడమే. పిల్లల్నే అనడం దేనికిలెండి. మీ ఆవిడ ఫోన్ నంబరు ఫోను చూడకుండా చెప్పగలరా?

చూడకుండా గుర్తుతెచ్చుకోవడానికి మన ఇళ్లలో ఒక చక్కటి పేరుంది... అప్పజెప్పడం. చదువురాని అమ్మలు కూడా పుస్తకం ఒళ్లో పెట్టుకుని ‘ఊఁ, అప్పజెప్పు’ అనేవారు. వాళ్లకు పాఠం తెలియదు. గొంతు ఎక్కడ తడబడుతోందో తెలుసు, అంతే. ఇప్పుడు తాతయ్య చేయాల్సిందీ అదే. వీడియో అయ్యాక ఫోను బోర్లా పెట్టించి, ‘ఏం విన్నావో నాకు చెప్పు’ అనాలి. బట్టీకొట్టిన వాక్యాలొద్దు, తాతయ్యకు అర్థమయ్యేలా సొంత మాటల్లో చెప్పాలి. ఎక్కడో ఆగుతాడు. ఆగాలి కూడా. అప్పుడు ‘మట్టిబుర్రా’ అని మొత్తకుండా, సరిగ్గా అక్కడికే వీడియో వెనక్కి తిప్పమనండి.

ఈసారి ఆ ఇయర్‌ఫోన్లు తీసేయమనండి. తాతయ్య కూడా వింటాడు.