మీకు తెలుసా? ఇంట్లో నీళ్లూ కరెంటూ ఇలా మిగులుతాయి

● మామూలు సీలింగ్ ఫ్యాన్ దాదాపు 75 వాట్లు లాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్లు చాలు. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు ఒక్కో ఫ్యాన్ మీద 16 యూనిట్లు ఆదా.

● పాతకాలపు డబ్బా రెగ్యులేటర్‌తో ఫ్యాన్ వేగం తగ్గించినా బిల్లు పెద్దగా తగ్గదు. మిగలాల్సిన కరెంటులో చాలా భాగం వేడిగా మారిపోతుంది. డబ్బా మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌తో ఆ నష్టం చాలావరకు ఉండదు.

● ఏసీలో ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) అంచనా. స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్ద మొదలవ్వాలన్న నిబంధన 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉంది.

● చాలా ఆర్‌వో యంత్రాలు లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తాయి. ఆ పైపు కింద బకెట్ పెట్టండి. బాత్‌రూమ్ కడగడానికి, ఇల్లు తుడవడానికి పనికొస్తాయి. లవణాలు ఎక్కువ కాబట్టి కుండీ మొక్కలకు మాత్రం రోజూ పోయకండి.

● కందిపప్పు అరగంట ముందే నానబెడితే త్వరగా ఉడుకుతుంది, గ్యాస్ కలిసొస్తుంది.