పసిడి పట్టీ మీద మామిడి తోటలు

1802. మైసూరు రాజ్యానికి తూర్పు హద్దు కొలుస్తున్నాడు లెఫ్టినెంట్ జాన్ వారెన్. పక్కనున్న బారామహల్, అంటే నేటి కృష్ణగిరి సీమ, కుంఫిణీ చేతికి వచ్చి పదేళ్లయింది. కోలారు దగ్గరి ఊరిగాం, మారికుప్పం చుట్టుపక్కల నేలలో బంగారం ఉందన్న మాట అతని చెవిన పడింది. చూపించినవారికి బహుమానమని చాటించాడు. ఊరివాళ్లు ఎడ్లబండ్ల మీద మట్టి తోలుకొచ్చి అతని ఎదుటే కడిగారు. అడుగున పసిడి రేణువులు మిగిలాయి.

వాళ్లకిది కొత్త కాదు. దొరలు రాకముందే అక్కడ పాత తవ్వకాల గుంతలున్నాయి.

ఆ బంగారం ఉన్నది ఒక నల్లరాతి పట్టీలో. పొడవు సుమారు 80 కిలోమీటర్లు, వెడల్పు మూడు నాలుగు. కర్ణాటకలో కోలారు మీదుగా దిగి, ఆంధ్రలో కుప్పం దగ్గర బిసానత్తం, చిగురుగుంటలను తాకి, కృష్ణగిరి జిల్లాలోకి సాగుతుంది. మూడు రాష్ట్రాలు కలిసే ఈ మూలలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే సంతలో వినిపిస్తాయి.

వారెన్ రాతలు చదివి 1871లో ఎడ్లబండి కట్టుకుని కోలారు వచ్చినవాడు మైకేల్ లావెల్. న్యూజీలాండ్ యుద్ధంలో పోరాడి, బెంగళూరులో స్థిరపడిన ఐరిష్ సైనికుడు. గని హక్కు సంపాదించాడు కానీ, లోతుకు దిగడానికి అతని డబ్బు చాలలేదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ వచ్చాకే గని గనిలా నడిచింది.

ఇక్కడే ఆస్ట్రేలియాతో తేడా కనిపిస్తుంది. 1851లో బల్లారత్‌లో బంగారం బయటపడినప్పుడు లైసెన్సు, పార, జల్లెడ ఉన్న ప్రతివాడూ వాగుమట్టి కడిగి అదృష్టం చూసుకున్నాడు. కోలారు బంగారం తెల్లటి పలుగురాతి పొరల్లో, పాతాళంలో ఇరుక్కుని ఉంది. యంత్రాలు, పెట్టుబడి ఉన్న కంపెనీకే అది అందింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు, సేలం జిల్లాల నుంచి కదిలొచ్చిన పేదలకు దక్కింది కూలి, కంపెనీ లైన్లలో ఒక గది. హోసూరు, కృష్ణగిరి అప్పట్లో సేలం జిల్లాలోవే.

గని కోసం 1902లో శివసముద్రం నుంచి 147 కిలోమీటర్ల తీగ లాగి కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది ఆ తర్వాత మూడేళ్లకు. వెలుగు ముందు యంత్రాలకు, తర్వాతే మనుషులకు. చాంపియన్ రీఫ్ గని 3.2 కిలోమీటర్ల లోతుకు వెళ్లింది. అక్కడ రాయే కాలుతుండేది. ఒత్తిడికి బండలు హఠాత్తుగా పేలి మనుషులను మింగేవి. అదే గనిలో 1965లో శాస్త్రవేత్తలు వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. ఆ కీర్తిలో గనివారి చెమటా ఉంది.

120 ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చి, 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడ్డాయి. బిసానత్తం, చిగురుగుంట కూడా ఆగిపోయాయి. గనివారి పిల్లలు తెల్లవారకముందే మారికుప్పం స్టేషన్‌లో రైలెక్కి బెంగళూరు పనులకు వెళ్లడం నేర్చుకున్నారు.

పట్టీకి ఇటువైపు నేల మాత్రం పని మానలేదు. కృష్ణగిరిలో తోతాపురి తోటలు. ఇక్కడివారికి అది 'బెంగళూరా' మామిడి. దాని గుజ్జు డబ్బాల్లో విదేశాలకు పోతుంది. రాయకోట సంతకు టమోటా, హోసూరు నుంచి గులాబీలు, మెట్టన రాగులు.

హోసూరులో బంగారం కూడా ఉంది. తనిష్క్ నగల కర్మాగారం ఈ ఊళ్లోనే. కానీ దేశంలో నగలయ్యే పసిడిలో అత్యధికం విదేశాలదే. కోలారు తన ఆయుష్షంతా ఇచ్చినంత బంగారాన్ని మనం ఇప్పుడు దాదాపు ఒక్క ఏడాదిలోనే దిగుమతి చేసుకుంటున్నాం.

అందుకే చిగురుగుంట, బిసానత్తం వైపు మళ్లీ చూపు మళ్లింది. ఆ బ్లాకును వేలంలో ప్రభుత్వ రంగ గనుల సంస్థ ఎన్ఎండీసీ దక్కించుకుంది. పని మొదలవ్వాలి, నిజమే. ఆ చుట్టుపక్కల చదువుకున్న కుర్రాళ్లకు ఉద్యోగాలు కావాలి. అయితే కోలారులో మూడు కోట్ల టన్నులకు పైగా గని వ్యర్థం సైనైడ్ దిబ్బలుగా నేటికీ నిలిచి ఉంది. గాలి వీస్తే ఆ బూడిదరంగు దుమ్ము ఇళ్లలోకి, పొలాల్లోకి చేరుతుంది. బోరు నీటితో బతికే కుప్పం రైతుకు, మొదటి పార దిగకముందే, కొత్త గని వ్యర్థం ఎక్కడ పోస్తారో, గనిలోంచి తోడిన నీళ్లు ఎటు వదులుతారో కాగితం మీద రాసి చూపించాలి.